గుల్లే ఇల్లు, ఇసుకే వాకిలి

నోటినిండా ఇసుక పట్టడం, కాస్త దూరం ఈది ఉమ్మేయడం, మళ్ళీ వెనక్కి రావడం. ట్యాంకులో లైటు వేసింది మొదలు ఆర్పేదాకా ఇదే పని. చేసేది అటూ ఇటుగా నాలుగు సెంటీమీటర్ల చేప, పేరు మల్టీఫాసియేటస్. పెంచేవాళ్ళు ముద్దుగా ‘మల్టీ’ అంటారు. సిక్లిడ్ అనే చేపల కుటుంబంలో ఇంతకంటే చిన్నవి లేవంటారు. ఖాళీ నత్తగుల్లలో కాపురం, అందులోనే గుడ్లు, అందులోనే పిల్లలు.

దీని పుట్టిల్లు ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు. బురుండి, కాంగో, టాంజానియా, జాంబియాల మధ్య 1,470 మీటర్ల లోతున్న మహా జలాశయం. అక్కడి నియోథౌమా నత్తలు చచ్చాక గుల్లలు మిగులుతాయి. నీళ్ళలో క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 9 దగ్గర, అందుకే అవి కరగవు. ఎకరాలకొద్దీ పరుచుకుంటాయి. రాయీరప్పా లేని ఆ ఇసుక నేలమీద చిన్న చేపకు తలదాచుకోను మరో చోటు లేదు. ఈ చేపలు గుల్లల్లోకి ఎప్పుడు దూరాయో, ఎలా అలవాటుపడ్డాయో పండితులు చూసుకుంటారు.

నేను చెప్పాలనుకున్నది వాటి పనితనం. అదే సరస్సులోని మరో గుల్లచేప ఒసిలేటస్‌ని చూడండి. గుల్లను మూతితో నెడుతుంది, కింద ఇసుక తవ్వుతుంది, ఒళ్ళు విదిలించి పైన ఇసుక చిమ్ముతుంది. చివరికి గుల్ల మొత్తం పూడిపోయి వాకిలి ఒక్కటే నేలమట్టంగా మిగులుతుంది. శుభ్రం చేద్దామని చెయ్యి పెడితే వేలి మీదికి దూకుతుంది! కాలిప్టెరస్ మగచేపది ఇంకో లెక్క. ఆడదానికంటే పన్నెండు రెట్లకు పైగా బరువుంటుంది. తాను గుల్లలో పట్టదు, కానీ గుల్లల్ని నోట కరిచి తెచ్చి కుప్పపోస్తుంది, ఆడవి వచ్చి చేరతాయి. వీటిలో మరుగుజ్జు మగచేపలూ ఉన్నాయి. ఆడది గుడ్లు పెడుతుండగానే పక్కనించి గుల్ల కొసకు జారుకుని తమ పని కానిచ్చుకుంటాయి.

అయినా నా ఓటు మల్టీకే. ఒసిలేటస్ అభిమానులు కోప్పడితే కోప్పడనీ. వాళ్ళ చేప, పిల్లలు కాస్త పెద్దవవగానే వాటిని తరిమేస్తుంది. మల్టీలది ఉమ్మడి కుటుంబం. పెద్దవి, నడిమివి, వెంట్రుకంత పిల్లలు, అన్నీ ఒకే గుల్లల దిబ్బలో ఉంటాయి.

ఈ లోకాన్ని మనకు చూపించినవాళ్ళకు దణ్ణం పెట్టాలి. బురుండి నుంచి ఈ చేపల్ని ప్రపంచానికి పంపి, వాటిమీద పెద్ద గ్రంథమే రాసిన పియర్ బ్రిషార్. ఏళ్ళ తరబడి సరస్సులో మునిగి ఫోటోలు తీసిన ఆడ్ కోనింగ్స్. 1992లో మల్టీని పోలిన సిమిలిస్ జాతికి పేరుపెట్టిన హైన్జ్ బ్యూషర్. సిమిలిస్‌కీ మల్టీకీ తేడా తలలో ఉంది. సిమిలిస్ చారలు కంటి దాకా వస్తాయి, మల్టీకి తలమీద చారలుండవు. ఇంత సన్నని తేడా నీళ్ళలో పట్టుకున్న కళ్ళవి!

ఇంట్లో పెంచడానికి రెండడుగుల ట్యాంకు చాలు. రెండంగుళాలు తగ్గకుండా సన్నటి ఇసుక పరవాలి, కంకర పనికిరాదు. చేపకు రెండు మూడు గుల్లల చొప్పున వెయ్యాలి. మన పొలాల్లో, చెరువుగట్ల మీద దొరికే నత్తగుల్లలు ఉడకబెట్టి కడిగితే భేషుగ్గా సరిపోతాయి. సముద్రపు గవ్వలొద్దు, సన్నటి మెలికల్లో చేప ఇరుక్కుంటుంది. క్యాన్ల నీళ్ళు అసలే వద్దు. మనం తిట్టుకునే బోరు ఉప్పునీళ్ళలోని సున్నమే వీటికి బలం. పీహెచ్ చూసుకుని, చాలకపోతే సున్నపురాయి ముక్కలు వేసుకోవచ్చు. స్పాంజి ఫిల్టరే పెట్టండి, మామూలుదైతే పిల్లల్ని లాగేస్తుంది. తిండికి మన కోస్తా రొయ్యల హేచరీల్లో వాడే ఆర్టీమియా పిల్లలు శ్రేష్ఠం. ఇక గుల్లల్ని కదిలించకండి. ఎక్కడ పెట్టాలో వాటికి తెలుసు.

ఇంత విద్య ఉన్న చేప ఉండగా దుకాణాల్లో జరుగుతున్నదేమిటి? అదృష్టం తెస్తుందని బుర్ర ఉబ్బిన ఫ్లవర్‌హార్న్‌లు. వాస్తు పేరిట చారెడు గిన్నెలో గోల్డ్‌ఫిష్. ఒంట్లోకి సూదితో రంగెక్కించిన గాజుచేపలు. ఇది అమ్మకం కాదు, హింస. గుల్లచేపలకూ ఆ తెగులు అంటుకుంది. మల్టీ, సిమిలిస్ కలిపి ఒకే ట్యాంకులో వేసి, పుట్టిన సంకరాన్ని ‘షెల్లీ’ అని అమ్మేస్తారు. ఏ జాతి అని అడిగితే ఎగాదిగా చూస్తారు. గుల్లకు బదులు రంగు ప్లాస్టిక్ బొమ్మ పెడతారు. ఆ బొమ్మను పూడ్చలేక, ఇంకోచోట దూరలేక, చేప మూల నక్కుతుంది. కొన్నవాడు ‘ఇదేం చేపండీ, కదలదు’ అని విసుక్కుంటాడు. దాని చేత పని మాన్పించింది ఎవరు?

పేరు చెప్పలేనివాళ్ళ దగ్గర కొనకండి. మీ మల్టీలు పెరిగి ట్యాంకు నిండితే అలాంటి దుకాణాలకు తోలొద్దు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఆరేడు పిల్లల్ని ఇవ్వండి, వెంట డజను గుల్లలు కూడా. ఏ జాతో కాగితం మీద రాసి మరీ ఇవ్వండి.