రేక్వాజాకు మంచే మందు

పోకెమాన్ గోలో 2017లో రెయిడ్లు, అంటే ఆటగాళ్లు కలిసి ఒక బలమైన బాస్ పోకెమాన్‌తో తలపడే పోరాటాలు, మొదలయ్యాయి. ఐదో స్థాయి బాస్‌కు 15,000 హెచ్‌పీ (ప్రాణబలం). దాన్ని పడగొట్టడానికి ఉన్న గడువు 300 సెకన్లు. అంటే బరిలో ఉన్నవాళ్లందరూ కలిసి సెకనుకు సగటున 50 హెచ్‌పీ చొప్పున తగ్గిస్తూ పోవాలి. కౌంటర్ల, అంటే బాస్‌కు దీటైన పోకెమాన్ల, ఎంపిక అనే విద్య అంతా ఈ చిన్న భాగహారం నుంచే పుట్టింది.

కొత్తగా ఆడేవాళ్లు సాధారణంగా సీపీ (పోరాట శక్తి) ఎక్కువున్న ఆరు పోకెమాన్లను వరుసగా నిలబెడతారు. సీపీలో దాడి, రక్షణ, ఓర్పు మూడూ కలిసి ఉంటాయి. ఎదుట ఉన్నది ఎవరన్న సంగతి మాత్రం అందులో ఉండదు. అది చెప్పేది టైపు. ఆటలో మొత్తం 18 టైపులున్నాయి. బాస్ బలహీనతకు తగిన మూవ్ (దాడి) వేస్తే దెబ్బ 1.6 రెట్లవుతుంది. బాస్‌కున్న రెండు టైపులకూ అది పడకపోతే 2.56 రెట్లు. బాస్ తట్టుకునే మూవ్ అయితే 0.625కి పడిపోతుంది. దీనికితోడు పోకెమాన్ తన సొంత టైపు మూవ్ వాడితే మరో 1.2 రెట్లు కలిసొస్తుంది.

2018 ఫిబ్రవరిలో రెయిడ్లలోకి తొలిసారి వచ్చిన రేక్వాజానే తీసుకుందాం. అది డ్రాగన్, ఫ్లయింగ్ టైపుల కలయిక. భారీ సీపీ ఉన్న క్యోగర్‌ను దించితే దాని నీటి దాడిని డ్రాగన్ తట్టుకుంటుంది. సలమెన్స్ లాంటి డ్రాగన్‌ను దించితే 1.6 రెట్లు దక్కుతుంది. ముల్లును ముల్లుతోనే తీయాలంటారు కానీ, ఇక్కడ ఆ ముల్లు మనకూ గుచ్చుకుంటుంది. రేక్వాజా ఔట్రేజ్ అనే డ్రాగన్ మూవ్ విసిరితే సలమెన్స్‌కూ అదే 1.6 రెట్ల దెబ్బ. ఐస్ మూవ్ మాత్రం డ్రాగన్‌కూ పడదు, ఫ్లయింగ్‌కూ పడదు. దెబ్బ ఏకంగా 2.56 రెట్లు.

ఐస్ పోకెమాన్లలోనూ అన్నీ ఒకటి కావు. రేక్వాజా దగ్గర ఏన్షెంట్ పవర్ అనే రాక్ మూవ్ ఉండొచ్చు. రాక్ ముందు ఐస్ నిలవదు, కాబట్టి వీవైల్ అనే ఐస్ పోకెమాన్‌కు గట్టిగా తగులుతుంది. మామోస్వైన్‌కు ఐస్‌తో పాటు గ్రౌండ్ టైపు కూడా ఉంది. గ్రౌండ్ రాక్‌ను తట్టుకుంటుంది గనుక ఆ దెబ్బ మామూలు దెబ్బగానే మిగులుతుంది. అనుభవజ్ఞులు మామోస్వైన్‌ను ఏరికోరి పెంచేది ఇందుకే.

మూవ్‌లు కూడా చూసుకోవాలి. పౌడర్ స్నో, అవలాంచ్ ఉన్న మామోస్వైన్ రేక్వాజాను కోసిపారేస్తుంది. అదే మామోస్వైన్ దగ్గర మడ్ స్లాప్, బుల్డోజ్ ఉంటే అవి గ్రౌండ్ మూవ్‌లు, ఎగిరేదానికి తగలాల్సినంతగా తగలవు. దెబ్బ 0.39కి పడిపోతుంది. పోకెమాన్ ఒకటే, సీపీ ఒకటే, టైపు లెక్కలోనే ఆరు రెట్లకు పైగా తేడా. అందుకే రెయిడ్‌కు ముందే, మూవ్‌లను మార్చే టీఎంలతో వాటిని సరిచేసుకుంటారు.

పోకెమాన్లలో షాడో అనే రకం కూడా ఉంది. అది 20 శాతం గట్టిగా కొడుతుంది, అంతే ఎక్కువగా దెబ్బలూ తింటుంది. గడువుతో పోరు కాబట్టి రెయిడ్లలో ఈ బేరం చాలావరకు లాభమే. అయితే ఆరూ మూర్ఛపోతే మళ్లీ లాబీకి వెళ్లి రావాలి, ఆలోగా గడియారం ఆగదు. జట్టులో ఒకరు ఐస్ టైపు మెగా గ్లేలీని దించితే, అది బరిలో ఉన్నంతసేపూ తోటివాళ్ల ఐస్ దాడులు 30 శాతం పెరుగుతాయి.

ఆటలో వాతావరణం ఆటగాడున్న చోటి వాతావరణాన్నే అనుసరిస్తుంది. మంచు కురిస్తే ఐస్ మూవ్‌లు 1.2 రెట్లవుతాయి. హైదరాబాద్, విశాఖ ఆటగాళ్లు ఆ లాభాన్ని లెక్కలోంచి తీసేసుకోవచ్చు. గాలి వీస్తే డ్రాగన్, ఫ్లయింగ్ మూవ్‌లకు ఆ బలం వస్తుంది, రేక్వాజా మరింత గట్టిగా కొడుతుంది. అప్పుడు మన సలమెన్స్ డ్రాగన్ దాడి కూడా 1.92 దాకా వెళ్తుంది గానీ ఐస్‌ను అందుకోదు. గాలిలో గెలిచినవాళ్లకు ఒక ఊరట ఉంది. పట్టుకునే రేక్వాజా 20కి బదులు 25వ లెవెల్‌లో దొరుకుతుంది.

ఇంత లెక్క ఎందుకంటే, పోకెమాన్‌ను పెంచడానికి కావాల్సిన స్టార్‌డస్ట్, క్యాండీ ఊరికే రావు. కంటికి నచ్చిన ప్రతిదాన్నీ పెంచుకుంటూ పోతే ఏదీ పూర్తిగా ఎదగదు. ఐస్ జట్టు ఒక్కటి సిద్ధం చేసుకుంటే రేక్వాజాకే కాదు, గ్రౌండ్-ఫ్లయింగ్ అయిన లాండోరస్‌కూ, డ్రాగన్-గ్రౌండ్ అయిన గార్‌చాంప్‌కూ అదే 2.56. ఇద్దరు ముగ్గురే ఉన్న చిన్న ఊళ్లో పెద్ద బాస్ మీద ఆశ పెట్టుకోవాలంటే ఇంతకు మించిన దారి లేదు.