రాని రోజే మా అసలు పని

జనవరి మొదట్లో జిమ్ముల్లో ట్రెడ్‌మిల్ దగ్గర క్యూ ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్లి అరిసెలు తిని వచ్చేసరికి అది పలచబడుతుంది. ఏడాది మెంబర్‌షిప్ ముందే కట్టించుకున్న జిమ్ముకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. సెషన్ లెక్కన బతికే మాలాంటి పర్సనల్ ట్రైనర్ల సంగతి వేరు. అందుకే, వచ్చినవాళ్లచేత స్క్వాట్లు చేయించడం కన్నా రానివాళ్లను మళ్లీ రప్పించడమే ఈ వృత్తిలో పెద్ద విద్య అంటాను.

మానేసేవాళ్లు చెప్పే మాట ఒకటే: "టైమ్ కుదరట్లేదు కోచ్." దాని వెనక తరచుగా ఇంకోటి ఉంటుంది. కొందరికి మొదటి వారమే తొడలు పట్టేసి మెట్లు దిగడం గగనమవుతుంది. కొత్త వ్యాయామం తర్వాత ఒకటి నుంచి మూడు రోజులు ఈ నొప్పి ఎక్కువగా ఉండి తగ్గుతుందని ముందే చెబితే ఓర్చుకుంటారు. చెప్పకపోతే ఏదో తేడా చేసిందని భయపడతారు. నిజంగానే తేడా చేయకుండా బీపీ, షుగర్, గుండె, మోకాళ్లు, వాడే మందులు... అన్నీ మొదటిరోజే అడిగి రాసుకుంటాను. "ఇది నా పరిధి కాదు, డాక్టర్‌ని అడిగి రండి" అన్న ట్రైనర్ మీద నమ్మకం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇంకొందరిని తూకం బెదరగొడుతుంది. పెళ్లిభోజనం మర్నాడు కిలో పెరిగిందని దిగాలు పడతారు. తిన్న పిండిపదార్థాన్ని ఒళ్లు గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది, దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీరు చేరుతుంది. ఉప్పు మరికొంత నీటిని పట్టి ఉంచుతుంది. ఒక్కపూట విందుకు కిలో కొవ్వు పట్టదు. అందుకే వారం సగటు చూస్తాను. నడుము కొలత, ఎత్తిన బరువు కూడా పుస్తకంలో రాస్తాను.

అన్నిటికన్నా మొండిది మొహమాటం. రెండు రోజులు మానేస్తే మూడోరోజు మొహం చూపించలేరు. "ఎందుకు రాలేదు మేడమ్?" అని మెసేజ్ పెడితే బడిలో హాజరు పిలిచినట్టుంటుంది. "రేపు ఆరింటికి తేలిగ్గా 20 నిమిషాలు చేద్దాం, రండి" అంటే కదులుతారు. వచ్చాక ఆరా తీయను. రెండో సెట్‌కి వాళ్లే చెబుతారు: అత్తగారికి ఆపరేషన్, అర్ధరాత్రి దాకా అమెరికా కాల్స్. విని, ఆరోజుకి బరువు తగ్గిస్తాను. విన్నది పక్క క్లయింట్ చెవిన పడనివ్వను. ఒకే అపార్ట్‌మెంట్‌లో నలుగురికి నేర్పేవాడు నోరు జారితే నలుగురూ పోతారు.

ఓపిక వేరు, లెక్క వేరు. ముందురోజు రాత్రిలోగా చెప్పకుండా మానేస్తే ఆ సెషన్ పోయినట్టేనని మొదటిరోజే కాగితం మీద రాసిస్తాను. డబ్బు మాట అప్పుడే తేలిపోతుంది కాబట్టి, తర్వాత ఫోన్ చేస్తే పలకరింపుగానే తీసుకుంటారు.

పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులైనా కండరాల కసరత్తు కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. వారంలోని 168 గంటల్లో క్లయింట్ నా దగ్గర ఉండేది మూడు. కాబట్టి నేను లేనప్పుడు ఇంట్లో ఏం చేయాలో కూడా నేర్పుతాను. అలా నేర్పితే మన అవసరం తీరిపోదా అని తోటి ట్రైనర్లు అడుగుతారు. కొందరికి తీరుతుంది, వెళ్లిపోతారు. తమ్ముణ్నో తోటి ఉద్యోగినో నా దగ్గరికి పంపేదీ ఎక్కువగా వాళ్లే.