‘అట్లు’ ఉపమావాచకమా, ఉత్ప్రేక్షావాచకమా? : అలంకార నిర్ణయంలో కర్త పాత్ర

వ్యాససంగ్రహం:
ఉపమను, ఉత్ప్రేక్షను వేరుచేయడానికి వాచకపదాన్నే ప్రమాణంగా గ్రహించడం అలంకార బోధనలో సాధారణం. ‘వలె’ కనిపిస్తే ఉపమ, ‘కాబోలు’ కనిపిస్తే ఉత్ప్రేక్ష అనే ఈ గుర్తు ‘అట్లు’ అనే పదం దగ్గర పనిచేయదు. దండి చేసిన చర్చను ఆధారంగా చేసుకొని, ఇటువంటి చోట్ల క్రియకు కర్త ఎవరన్న ప్రశ్న నిర్ణయానికి తోడ్పడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉపమ, ఉత్ప్రేక్ష, వాచకపదం, సంభావన, కర్త, దండి.

1. ఉపోద్ఘాతం:
ఉపమానం, ఉపమేయం, సమానధర్మం, ఉపమావాచకం అనే నాలుగింటిలో విద్యార్థికి ముందుగా కంటపడేది వాచకం. వలె, పోలె, కరణి, మాడ్కి, పగిది, భంగి మొదలైన పదాల పట్టిక కంఠస్థమైతే పద్యార్థం పూర్తిగా తెలియకపోయినా అలంకారం పేరు చెప్పవచ్చు. సౌలభ్యం ఇక్కడే ఉంది, ప్రమాదమూ ఇక్కడే ఉంది. వాచకం అలంకారాన్ని సూచిస్తుందే తప్ప అదే అలంకారం కాదు. వాచకం లేని లుప్తోపమను, గమ్యోత్ప్రేక్షను ఆలంకారికులు అంగీకరించడమే ఇందుకు నిదర్శనం. ఒకే వాచకం రెండు అలంకారాలకూ చెల్లినప్పుడు సమస్య మరింత జటిలమవుతుంది.

2. దండి చర్చ:
ఈ సమస్య సంస్కృతంలో ‘ఇవ’ శబ్దం విషయంలో తలెత్తింది. చీకటి అవయవాలకు పూత పూస్తున్నట్లుందనే భావం గల ప్రసిద్ధ శ్లోకాన్ని దండి కావ్యాదర్శం ద్వితీయ పరిచ్ఛేదంలో చర్చించాడు. ‘ఇవ’ ఉన్నది కనుక అది ఉపమ అన్నవారి వాదాన్ని ఆయన ఖండించాడు. తిఙంతమైన క్రియాపదం ఉపమానం కాజాలదన్నది ఆయన చూపిన వ్యాకరణ ప్రమాణం. ఆ క్రియకు కర్తను ఉపమానం అనవచ్చునా అన్న పక్షాన్ని కూడా పరిశీలించి, కర్త క్రియాపదంలోనే అణగి ఉన్నందున అదీ పొసగదన్నాడు. మన్యే, శంకే, ధ్రువం, ప్రాయః, నూనం వంటి ఉత్ప్రేక్షావాచకాలతో పాటు ‘ఇవ’ కూడా అటువంటిదేనని తేల్చాడు. మమ్మటుడు ఆ శ్లోకాన్ని ఉత్ప్రేక్షకే ఉదాహరించాడు. అప్పయదీక్షితుడు కువలయానందంలో దానిని అనుక్తవిషయ వస్తూత్ప్రేక్షగా చూపాడు.

3. తెలుగు వాక్యంలో ‘అట్లు’:
దండి చూపిన వ్యాకరణ ప్రమాణాన్ని యథాతథంగా తెలుగుకు అన్వయించడం కుదరదు. సంస్కృతంలో రెండు వాక్యార్థాలను పోల్చడానికి ‘యథా’ శబ్దం ఉంది. తెలుగులో ఆ పనినీ, సంభావననూ క్రియాజన్య విశేషణం మీద చేరే ‘అట్లు’ ఒక్కటే నిర్వహిస్తుంది. ఈ రెండు వాక్యాలను పరిశీలించవచ్చు.

అ) ఏనుగు మడుగులోకి దిగినట్లు మబ్బు లోయలోకి దిగింది.
ఆ) మబ్బు కొండను మింగుతున్నట్లుంది.

రెండింటిలోనూ వాచకం ఒక్కటే, అది చేరిన పదం స్వరూపమూ ఒక్కటే. మొదటి వాక్యంలో ‘దిగిన’ అనే క్రియకు కర్త ఏనుగు. అది మబ్బు కంటే వేరుగా, స్పష్టంగా నిలిచి ఉంది. దిగడం సమానధర్మం. కనుక ఇది ఉపమ. రెండవ వాక్యంలో ‘మింగుతున్న’ అనే క్రియకు కర్త మబ్బే. పోల్చడానికి మరొక వస్తువు లేదు. మబ్బు కమ్ముకోవడమనే ప్రకృత వ్యాపారాన్ని మింగడంగా సంభావించడమే ఇక్కడ ఉంది. కనుక ఇది ఉత్ప్రేక్ష. అప్రస్తుత క్రియకు కర్త ప్రస్తుత వస్తువేనా, అన్యమా అన్న ప్రశ్న వేస్తే, వాచకం చెప్పలేని భేదం ఇలా తెలుస్తుంది.

4. పరిమితి:
ఈ పరీక్ష అన్నిచోట్లా చాలదు. ‘ఎవరో కుంకుమ చల్లినట్లు పడమర ఎర్రబడింది’ అన్నప్పుడు కర్త అన్యమే, కాని కల్పితం. కల్పితం కనుక ఉత్ప్రేక్ష అనడానికీ వీలు లేదు. లోకంలో లేని ఉపమానాన్ని కల్పించే అభూతోపమను దండి ఉపమాభేదాలలోనే చేర్చాడు. పద్మాల కాంతి అంతా ఒకచోట పోగుపడినట్లు ముఖం ప్రకాశిస్తున్నదన్నప్పుడు, ఆ కాంతిరాశి కల్పితమే అయినా అది ముఖం కంటే వేరుగానే నిలుస్తుంది. కుంకుమ వాక్యంలో సంధ్యారుణిమనే కుంకుమగా భావిస్తున్నారా, రెండు ఎరుపులను పోలుస్తున్నారా అన్నది ప్రకరణాన్ని బట్టి నిర్ణయించవలసినదే. భేదం నిలిస్తే ఉపమ, తాదాత్మ్యం వైపు మొగ్గితే ఉత్ప్రేక్ష.

5. నిర్ణయ ప్రయోజనం:
పేరు మారినంత మాత్రాన పద్యానికి వచ్చే లోటేమిటన్న ప్రశ్న సహజం. ‘చీకటి కాటుక వలె నల్లగా ఉంది’ అన్నప్పుడు తెలిసేది వర్ణసామ్యం. ‘చీకటి ఒంటికి కాటుక పూస్తున్నట్లుంది’ అన్నప్పుడు చీకటికి కర్తృత్వం వస్తుంది, చూసేవారి శరీరానికి దాని స్పర్శ తెలుస్తుంది. విరహవర్ణనలో ఈ రెండవదాన్ని ఉపమగా లెక్కిస్తే నలుపు ఒక్కటే మిగిలి, నాయిక భయం వ్యాఖ్యానం నుండి జారిపోతుంది. అలంకారాన్ని రసానికి అంగంగానే నిబంధించాలని ధ్వన్యాలోకం ద్వితీయోద్ద్యోతంలో ఆనందవర్ధనుడు చెప్పిన నియమం కవికి ఉద్దేశించినదే అయినా, విమర్శకుడికీ అంతే వర్తిస్తుంది.

6. ముగింపు:
కావ్యంలోని ఉపమలెన్ని, ఉత్ప్రేక్షలెన్ని అని లెక్కించే పరిశోధనలో ‘అట్లు’ గల పద్యాలన్నింటినీ ఒకే గడిలో చేరిస్తే, ఆ లెక్క మీద ఆధారపడిన నిర్ధారణలు కూడా సందేహాస్పదమవుతాయి. వాచకాన్ని గుర్తించడం తొలిమెట్టు మాత్రమే. ఆ తరువాత క్రియను, దాని కర్తను, ప్రకరణాన్ని వరుసగా ప్రశ్నించాలి. ఈ క్రమం తరగతి గదిలో కొంత ఎక్కువ సమయం కోరుతుంది. అయితే విద్యార్థి అలంకారం పేరు చెప్పేలోగా పద్యాన్ని అన్వయించుకొని ఉంటాడు.