భయపడిన దావీదు: 56వ కీర్తనపై మన ప్రసంగములను గూర్చి ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

విశ్వాసి భయపడవచ్చునా? ఈ ప్రశ్నకు మన తెలుగు సంఘములలో సాధారణముగా వినబడు జవాబు "పడకూడదు" అనునదే. విశ్వాసమున్నచోట భయముండదనియు, భయమున్నదనగా విశ్వాసము లేదనియు ఆదివార ఆరాధనలలోను, ఉజ్జీవ కూటములలోను, ఉపవాస ప్రార్థనలలోను బోధించుచున్నాము. ఈ బోధకు ఆధారముగా చూపబడు లేఖన భాగములలో 56వ కీర్తన ఒకటి. దేవునియందు నమ్మికయుంచిన కారణముగా తాను భయపడనని కీర్తనకారుడు నాలుగవ వచనములో చెప్పుచున్నాడు. నేను వినిన ప్రసంగములలోను, నేను చేసిన ప్రసంగములలోను ఆ వచనమును గట్టిగా పలికితిమి. దానికి ముందున్న మూడవ వచనమును మాత్రము త్వరగా దాటిపోతిమి. ఆ మూడవ వచనములో అదే కీర్తనకారుడు తనకు భయము కలుగు దినమును గూర్చి మాటలాడుచున్నాడు.

ఈ వ్యాసము యొక్క ఉద్దేశము రెండు విధములు. మొదటిది, 56వ కీర్తనలో భయమునకును నమ్మికకును గల సంబంధమును మూలపాఠ్యమును బట్టి పరిశీలించుట. రెండవది, ఆ వెలుగులో మన ప్రసంగ పద్ధతిని విమర్శించుట. ఈ విమర్శ పరులపై చేయునది కాదు, మొదట నా మీదనే.

వాడుకలోనున్న వాదన

భయమును గూర్చిన మన ప్రసంగములలో మూడు మాటలు తరచుగా వినబడును. బైబిలులో "భయపడకుము" అను ఆజ్ఞ 365 సార్లున్నది, అనగా దినమునకొకటి చొప్పున దేవుడు ఇచ్చెనని మొదటి మాట. వినుటకు ఇంపుగా నున్నను ఈ లెక్కకు మూలభాషలలో ఆధారము లేదు. మనము సరిచూడకయే దానిని ఒకరినుండి ఒకరము తీసికొని బోధించితిమి. భయము సాతాను పంపు ఆత్మ గనుక దానిని గద్దించి వెళ్లగొట్టవలెనని రెండవ మాట. దీనికి 2 తిమోతి 1:7 చూపబడును. భయపడువాడు దేవుని ఆశీర్వాదమును పోగొట్టుకొనునని మూడవ మాట.

ఈ మూడింటిలోను ఒక సామాన్య దోషము కలదు. "భయపడకుము" అను మాటను దేవుడు భయపడుచున్నవారితోనే పలికెను. అబ్రాముతో (ఆది. 15:1), యెహోషువతో (యెహో. 8:1), మరియతో (లూకా 1:30) పలికిన ఆ మాట ఆదరణగా పలుకబడినది. దానిని మనము వేదికమీదనుండి నేరారోపణగా మార్చితిమి. బిడ్డ రాత్రి ఉలికిపడి లేచినప్పుడు తల్లి "భయపడకు" అని దగ్గరకు తీసికొనుటకును, న్యాయాధిపతి "నీవెందుకు భయపడితివి" అని ముద్దాయిని అడుగుటకును ఎంత తేడా గలదో మనము ఆలోచింపవలెను.

కీర్తన పాఠ్యము

కీర్తన శీర్షిక దీనిని గాతులో ఫిలిష్తీయులు దావీదును పట్టుకొనిన సందర్భముతో జతపరచుచున్నది. కీర్తనల శీర్షికలు తరువాతి కాలపు సంపాదకులు చేర్చినవని అనేక పండితుల అభిప్రాయము. అయినను ఆ సంపాదకులు ఈ కీర్తనను ఏ సంఘటన వెలుగులో చదువుమనిరో గమనింపదగినది. 1 సమూయేలు 21:10-15లో దావీదు సౌలునొద్దనుండి పారిపోయి గాతు రాజైన ఆకీషునొద్దకు వచ్చును. రాజు సేవకులు అతనిని గుర్తుపట్టగా దావీదు బహుగా భయపడెనని పండ్రెండవ వచనము దాచకుండ చెప్పుచున్నది. గొల్యాతును కూల్చినవాడు గొల్యాతు స్వగ్రామములోనే భయపడి, గడ్డముమీద ఉమ్మి కార్చుకొని, తలుపులమీద గీతలు గీయుచు వెర్రివానివలె నటించెను. ఆ మనుష్యునికే ఈ కీర్తన ఆపాదింపబడినది. కీర్తనకు శీర్షిక పెట్టినవారు విశ్వాసవీరునిగా నిలిచిన దినమును గాక, దావీదు వణకిన దినమును ఏరుకొనిరి.

ఇక మూడు, నాలుగు వచనముల అమరికను చూడుడి. హెబ్రీలో రెండింటియందును 'యారే' (భయపడు), 'బాటహ్' (నమ్మికయుంచు) అను రెండు క్రియలే ఉన్నవి. మూడవ వచనములో భయము ముందు వచ్చును, నమ్మిక దాని వెనుక వచ్చును. నాలుగవ వచనములో ఈ వరుస తారుమారగును: నమ్మిక ముందు, భయము లేకపోవుట దాని వెనుక. ఈ రెండును కలిపి చదివినప్పుడే భయమునుండి నమ్మికకును, నమ్మికనుండి నిర్భయమునకును పోవు మార్గము కనబడును. నాలుగవ వచనమును మాత్రమే బోధించువాడు ప్రయాణమును విడిచి గమ్యమును మాత్రమే చూపుచున్నాడు.

మన సంఘములలో వాడుకలోనున్న బైబిలు సొసైటీవారి పాత అనువాదములో ఈ సంబంధము కొంత మరుగుపడినది. అందులో 'బాటహ్' అను ఒకే క్రియకు మూడవ వచనములో 'ఆశ్రయించు' అనియు, నాలుగవ వచనములో 'నమ్మికయుంచు' అనియు రెండు వేర్వేరు మాటలు వాడబడినవి. దానివలన భయపడినవాడు చేసిన పనియు, భయపడనని చెప్పినవాడు చేసిన పనియు వేర్వేరు అని తెలుగు పాఠకునికి తోచును. హెబ్రీలో అవి ఒకటే. అయినను అనువాదకులను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. 'ఆశ్రయించు' అను మాట ఒక సత్యమును పట్టుకొనినది. తుఫాను హెచ్చరిక వినిన కోస్తా గ్రామస్థుడు షెల్టరుకు పరుగెత్తును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగిన పెద్దలను ఎవరును పిరికివారని అనరు. భయమే వారి కాళ్లను ఎత్తైన చోటికి నడిపించును. 56వ కీర్తనలోని భయము అట్టిది. అది దేవునికి దూరముగా కాక దేవునియొద్దకే పరుగెత్తుచున్నది.

నాలుగవ వచనముతో కీర్తన ముగియలేదనునది మరియొక సంగతి. అయిదు మొదలు ఏడు వచనములలో శత్రువులు మరల వచ్చుచున్నారు, పొంచియుండి అతని అడుగుజాడలు కనిపెట్టుచున్నారు. అందుచేత భయపడనను పల్లవి పదకొండవ వచనములో మరల పలుకవలసి వచ్చెను. ఒకసారి చెప్పగానే భయము శాశ్వతముగా తొలగిపోయినయెడల దానిని రెండవసారి చెప్పనేల? నమ్మిక ఒకసారి సంపాదించి భద్రపరచుకొను వస్తువు కాదు, ప్రమాదము తిరిగి వచ్చిన ప్రతిసారి తిరిగి చేయవలసిన క్రియ.

ఈ రెండు పల్లవుల నడుమ ఎనిమిదవ వచనమున్నది. దేవుడు తన సంచారములను లెక్కించెననియు, తన కన్నీటిని భద్రపరచెననియు కీర్తనకారుడు చెప్పుచున్నాడు. 'సంచారము' అను అర్థమిచ్చు హెబ్రీ మాటయు, తెలుగులో 'బుడ్డి' అని అనువదింపబడిన మాటయు ఉచ్చారణలో దాదాపు ఒకటే, 'నోద్'. ఆ రెండవది గాజు సీసా కాదు, ప్రయాణికులు నీరు, పాలు, ద్రాక్షారసము పోసికొను తోలు తిత్తి (యెహో. 9:4; న్యాయా. 4:19). ఎడారిలో పారిపోవుచున్నవానికి తిత్తిలోని నీరు ప్రాణముతో సమానము. దేవుడు అంత జాగ్రత్తగా దాచుకొనునది ఆ పారిపోవుచున్నవాని కన్నీరు. ఆ వచనములోనే మన అనువాదకులు వాడిన 'కవిలె' అను మాట మన పల్లెల పాత లెక్కల పుస్తకమును జ్ఞాపకమునకు తెచ్చును. కరణము కవిలెలో శిస్తు బాకీలు వ్రాయబడియుండెను. దేవుని కవిలెలో కన్నీళ్లు వ్రాయబడినవి. భయపడి ఏడ్చినవాని ఏడ్పును దేవుడు అపరాధముగా లెక్కించినట్లు ఈ కీర్తనలో ఎక్కడను లేదు.

నమ్మికయు నిశ్చింతయు ఒకటేనా?

'బాటహ్' అను క్రియ పాత నిబంధనలో అన్ని చోట్లను మంచి అర్థములో రాలేదు. గుఱ్ఱములను, రథములను నమ్ముకొనువారిని గూర్చి యెషయా 31:1లో ఇదే క్రియ వాడబడినది. ఇది యెహోవా ఆలయమను మాటలను నమ్ముకొని మోసపోవద్దని యిర్మీయా 7:4 హెచ్చరించుటలోను ఇదే క్రియ. న్యాయాధిపతులు 18:7లో లాయిషు ప్రజలు ఏ భయమును లేక నిశ్చింతగా జీవించిరని చెప్పుటకు ఈ ధాతువునుండి వచ్చిన మాటలే వాడబడినవి. అదే అధ్యాయము 27వ వచనములో వారు కత్తివాత కూలిరి. కాబట్టి భయము లేకపోవుట తనంతట తానుగా విశ్వాసమునకు గురుతు కాదు. నమ్మిక విలువ మన మనస్సులోని ధైర్యమును బట్టి గాక, నమ్మబడినవానిని బట్టి ఉన్నది. మన ప్రసంగములు తరచుగా విశ్వాసిని తన ధైర్యమును తానే తూచుకొనుమని చెప్పుచున్నవి. కీర్తనకారుడు దేవునివైపు చూచుచున్నాడు.

క్రొత్త నిబంధననుండి ఆక్షేపణలు

దీనికి బలమైన ఆక్షేపణ ఉన్నది. క్రొత్త నిబంధన పిరికితనమును ఖండించుచున్నది గదా? తుఫానులో శిష్యులను యేసు ప్రశ్నించెను (మార్కు 4:40), పిరికివారు అగ్నిగుండములో పాలుపొందుదురని ప్రకటన 21:8 చెప్పుచున్నది. ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు.

అయితే పదములను గమనింపవలెను. 2 తిమోతి 1:7లోని గ్రీకు మాట భయమునకు సాధారణముగా వాడబడు 'ఫోబోస్' కాదు, 'డైలియా'. వెంటనే వచ్చు ఎనిమిదవ వచనము ప్రభువును గూర్చిన సాక్ష్యము విషయమై సిగ్గుపడవద్దని చెప్పుచున్నది. అనగా ఇక్కడ ఖండింపబడినది శ్రమకు జడిసి సాక్ష్యమును విడిచిపెట్టుట. ప్రకటన 21:8లోని పిరికివారును హింసకాలములో ప్రభువును విడిచినవారే అని ఆ గ్రంథ సందర్భము సూచించుచున్నది. పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టునని చెప్పు 1 యోహాను 4:18 కూడ, దాని ముందరి వచనమును బట్టి, తీర్పు దినమున శిక్షను గూర్చిన భయమునే చెప్పుచున్నది.

మార్కు 4లోని సంఘటనలో ప్రభువు మొదట గాలిని గద్దించెను, పిమ్మట శిష్యులను ప్రశ్నించెను. వారి విశ్వాసము సరియగువరకు ఆయన తుఫానును ఉండనియ్యలేదు. అంతేకాదు, సముద్రము నిమ్మళించిన తరువాత వారు మిక్కిలి భయపడిరని 41వ వచనము చెప్పుచున్నది. అలలను గూర్చిన భయము ప్రభువు ఎదుట కలిగిన భయముగా మారినది. అది కీర్తన చూపిన మార్గమునకు విరోధము కాదు.

పౌలు కొరింథుకు బలహీనతతోను, భయముతోను, ఎంతో వణకుతోను వచ్చితినని ఒప్పుకొనెను (1 కొరింథీ. 2:3). మాసిదోనియలో వెలుపట పోరాటములును లోపట భయములును ఉండెనని వ్రాసెను (2 కొరింథీ. 7:5). తరువాతి వచనములో దేవుడు అతనిని ఎట్లు ఆదరించెను? తీతు రాకవలన. భయపడిన అపొస్తలునికి దేవుడు ఒక మనుష్యుని పంపెను. గెత్సేమనేలో ప్రభువే మిగుల కలవరపడెనని మార్కు 14:33 సాక్ష్యమిచ్చుచుండగా, కలవరపడినవాడు అవిశ్వాసియని మనము ఎట్లు చెప్పగలము?

కాపరి సేవకు అన్వయము

ఈ సంగతి నాకు చదువువలన మాత్రమే తెలియలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక సహోదరి తన రొమ్ములో గడ్డ ఉన్నదని గమనించియు ఎనిమిది నెలలు ఎవరికిని చెప్పలేదు. తుదకు వైద్యుని యొద్దకు వెళ్లుసరికి వ్యాధి ముదిరిపోయెను. ఆసుపత్రిలో నేను "ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగితిని. "భయమేసింది అయ్యగారూ. భయపడేవాళ్లకి విశ్వాసం లేదని మీరు చెప్పారు కదా, అందుకే మీతో కూడా చెప్పలేకపోయాను" అని ఆమె నెమ్మదిగా చెప్పెను. ఆమె నన్ను నిందింపలేదు. ఆ ప్రసంగ వాక్యభాగము ఈ 56వ కీర్తనయే. ఆమె ఇప్పుడు ప్రభువునందు నిద్రించుచున్నది. నా బోధ ఆమె భయమును తీసివేయలేదు, దానిని చెప్పుకొను చోటును తీసివేసెను.

2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వ్యాపించినప్పుడు కూడ ఇట్టి బోధ వినబడెను. ముఖమునకు మాస్కు కట్టుకొనుట అవిశ్వాసమని కొందరు పలికిరి. 1527లో విట్టెన్‌బెర్గులో ప్లేగు వచ్చినప్పుడు మార్టిన్ లూథర్ ఊరు విడువక రోగులకు పరిచర్య చేసెను. ఆ సంవత్సరమే బ్రెస్లావు కాపరియైన యోహాన్ హెస్‌కు వ్రాసిన బహిరంగ లేఖలో ఔషధములు వాడవలెననియు, తన అవసరము లేని స్థలములకు పోరాదనియు, పొరుగువానికి తన అవసరమున్నచోట మాత్రము వెనుదీయరాదనియు బోధించెను. నమ్మికయు జాగ్రత్తయు ఆయనలో కలిసి నడిచినవి.

కావున మూడు సూచనలు చేయుచున్నాను. మొదటిది, ఈ కీర్తనను బోధించునప్పుడు మూడు, నాలుగు వచనములను విడదీయకుందుము గాక. రెండవది, మన సాక్ష్య కూటములలో జయము పొందిన తరువాతి సాక్ష్యములకే గాక, ఇంకను భయములోనున్నవారి మనవులకును చోటియ్యవలెను. పాత నిబంధనలోని విలాప కీర్తనలు ఆ పనికే ఉన్నవి. మూడవది, భయముతో మనయొద్దకు వచ్చినవానిని గద్దించుటకు ముందు అతని మాట పూర్తిగా వినవలెను, అవసరమైనయెడల వైద్యుని యొద్దకు వెంట వెళ్లవలెను. తీతు పౌలునొద్దకు వచ్చినట్లు మనము వెళ్లుటయే దేవుని ఆదరణ కావచ్చును.

ముగింపు

56వ కీర్తన భయమును పొగడుట లేదు, భయములో నిలిచిపొమ్మని చెప్పుట లేదు. జీవపు వెలుగులో దేవుని సన్నిధిని నడచుటయే దాని గమ్యమని చివరి వచనము తెలుపుచున్నది. అయితే అక్కడికి చేరు మార్గము, "నాకు భయముగా నున్నది" అని దేవునితో చెప్పగల నోటినుండి మొదలగుచున్నది. ఆ మాటను సంఘములో సిగ్గుపడకుండ పలుకగలిగిన దినమున మన బోధ ఈ కీర్తనకు నమ్మకమైనదగును. ఆ సహోదరి సమాధికార్యక్రమములో నేను ఈ కీర్తననే చదివితిని. ఈసారి మూడవ వచనమును దాటిపోలేదు.