తిమ్మక్క మంజరి, వెంగమాంబ దరువు

అహోబిలం నరసింహస్వామి చెంచుల అల్లుడు. సంక్రాంతి వెళ్ళగానే పార్వేటకు బయలుదేరి, బ్రహ్మోత్సవాల దాకా ఊరూరా తిరిగి తన పెళ్ళికి తానే అందరినీ పిలుచుకుంటాడు. అలాంటి స్వామిని కొలిచే సీమలో ఇద్దరు ఆడవాళ్ళు పెళ్ళికథలను పాటగా కట్టారు. పదిహేనో శతాబ్దంలో తాళ్ళపాక తిమ్మక్క సుభద్రార్జునుల పెళ్ళి చెప్పింది. దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత తరిగొండ వెంగమాంబ (1730–1817) ఈ స్వామి పెళ్ళికథనే ‘చెంచు నాటకం’గా కట్టింది. ఇద్దరూ ద్విపదలో చేయి తిరిగినవాళ్ళే, పనితనం మాత్రం ఎవరిది వారిదే.

తిమ్మక్క అన్నమయ్య భార్య. తెలుగులో తొలి కవయిత్రిగా ఆమెను చాలామంది ఎంచుతారు. ఆమె ‘సుభద్రా కల్యాణం’ మంజరీ ద్విపద. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మొదటి గణానికీ మూడో గణానికీ తొలి అక్షరాల్లో యతి. ఇంతవరకు ద్విపద లక్షణమే. రెండు పాదాల్లో రెండో అక్షరం కలవాలన్న ప్రాసనియమం వదిలితే అది మంజరి. ఆ వదలడంలోనే ఉంది నేర్పు. మొదటి పాదం ‘అన్న’ అని ఎత్తుకుంటే, ప్రాస పట్టిన కవి రెండో పాదాన్ని ‘చిన్న’ అనో ‘వెన్న’ అనో ఎత్తుకోక తప్పదు. అసలు చెప్పదలచిన మాట వెనక్కి పోతుంది. తిమ్మక్కకు ఆ బెడద లేదు. మాట పలుకుబడి వరసలోనే పడుతుంది, యతి ఒక్కటే దెబ్బ తప్పకుండా నడిపిస్తుంది. దొంగ సన్యాసి వేషంలో ఉన్న అర్జునుడికి సుభద్ర సేవ చేసే కథ అరుగు మీద ఆడవాళ్ళ ముచ్చటలా సాగిపోతుంది. ఇదే కథను తర్వాత చేమకూర వెంకటకవి ‘విజయవిలాసం’లో చమత్కారాలతో నింపాడు. అక్కడ పద్యం పద్యానికీ ఆగి మెచ్చుకోవాలి, ఇక్కడ ఆగబుద్ధే కాదు.

వెంగమాంబ తీరు వేరు. బాల్యంలోనే భర్త పోతే లోకం పెట్టిన కట్టుబాట్లకు లొంగకుండా తరిగొండ నరసింహుణ్ణి పట్టుకుంది, తర్వాత తిరుమల చేరింది. ఆమె చేతిలో ద్విపద ఎన్నో పనులు చేస్తుంది. భాగవతం చెబుతుంది, ‘రాజయోగామృతసారం’లో యోగం బోధిస్తుంది, యక్షగానాల్లో కథ నడుపుతుంది. యక్షగానంలో ఆమె కూర్పు చూడండి: ద్విపద కథను ముందుకు తోస్తుంది, పాత్రలు ఎదురెదురుగా నిలిచేసరికి తాళానికి పాడే పాట, అంటే దరువు, అందుకుంటుంది, వచనం వచ్చి సంధి కలుపుతుంది. తాళం మారితే మనసు మారిందని వినేవాడికి వేరే చెప్పక్కర్లేదు. ఇక ‘తరిగొండ నృసింహ శతకం’లో కథే లేదు. ఉత్పలమాలలు, చంపకమాలలు ఎంత ఎత్తుకెళ్ళినా ప్రతి పద్యమూ చివరికి స్వామిని పేరుపెట్టి పిలిచే ఆగుతుంది.

తిమ్మక్క కథ చెబుతూ తాను పక్కకు తప్పుకుంటుంది. వెంగమాంబ ఏం చెప్పినా మధ్యలో తాను నిలబడుతుంది. ఒకరి బలం ఒదిగి ఉండటం, మరొకరిది తెగించి పలకడం. దరువుల వైవిధ్యంలో వెంగమాంబదే పైచేయి. చెప్పింది చెప్పినట్టు చెవికెక్కించడంలో మాత్రం నా ఓటు తిమ్మక్కకే.

తిరుమల ఏకాంతసేవలో తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి నేటికీ ఉన్నాయి. ఆ లాలి అన్నమయ్యది. తిమ్మక్క మంజరికి మాత్రం పుస్తకమే చోటు. ఎక్కడ దొరికినా తెచ్చుకోండి, కళ్ళతో కాదు, గొంతెత్తి చదవండి.