సామాజిక ట్యాగింగ్: గోదావరి సాహిత్య శోధనలో ప్రయోజనం, పరిమితి

విద్యా గ్రంథాలయాలు అందించే ఆన్‌లైన్ వనరులకు పాఠకులే తమ మాటల్లో గుర్తింపు పదాలు చేర్చి, తోటివారితో పంచుకునే పద్ధతిని సామాజిక ట్యాగింగ్ అంటారు. 2003లో వచ్చిన డెలీషియస్ దీనికి ప్రాచుర్యం కల్పించగా, 2005లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం ‘పెన్‌ట్యాగ్స్’ పేరుతో దీనిని విద్యారంగంలోకి తెచ్చింది. భారతీయ కళాశాలల్లోనూ వాడుకలో ఉన్న కోహా సాఫ్ట్‌వేర్‌లో ఈ సౌకర్యం ఉంది. తెలుగు వనరులకు ఇది ఎంతవరకు ఉపకరిస్తుందన్నది పరిశీలించదగిన ప్రశ్న.

కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ను గ్రంథాలయ వర్గీకరణ తెలుగు నవలల వరుసలో ఉంచుతుంది. కథ ధవళేశ్వరంలో మొదలవుతుందని గాని, మూఢనమ్మకాలను విమర్శిస్తుందని గాని వర్గసంఖ్య చెప్పదు. గోదావరి ప్రాంత జీవనంపై పనిచేసే పరిశోధకునికి కావలసినవి ఆ వివరాలే. ‘ధవళేశ్వరం’, ‘మూఢనమ్మకాలు’ అని ఒక పాఠకుడు చేర్చిన ట్యాగులు ఆ లోటును తీరుస్తాయి. ఈ పద్ధతి అసలు బలం ఇదే.

అదే గ్రంథానికి ‘తొలి తెలుగు నవల’ అన్న ట్యాగు చేరితే సమస్య మొదలవుతుంది. వీరేశలింగం రచన 1878లో ధారావాహికగా వెలువడింది. నరహరి గోపాలకృష్ణమ సెట్టి ‘శ్రీరంగరాజ చరిత్ర’ 1872 నాటిది. ఎక్కువమంది ఒకే ట్యాగు ఇచ్చినంత మాత్రాన సాహిత్య చరిత్రలోని వివాదం తీరదు; ట్యాగుల సంఖ్య ప్రాచుర్యానికి కొలమానమే గాని ప్రమాణం కాదు. రెండు గ్రంథాలకూ ఆ ట్యాగు ఉండనిస్తే మాత్రం వివాదం ఉన్నదన్న సంగతి పరిశోధకునికి తెలుస్తుంది.

స్థలనామాల చిక్కు మరింత లోతైనది. రాజమండ్రి, రాజమహేంద్రి, రాజమహేంద్రవరం పాఠకునికి ఒకే ఊరు. అనుసంధానించనంత వరకు కంప్యూటరుకు మూడు వేర్వేరు పదాలు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో పశ్చిమ గోదావరికి చెందిన కొవ్వూరు తూర్పు గోదావరిలో చేరింది, కోనసీమ వేరే జిల్లా అయింది. కాబట్టి కాలసూచన లేని ‘తూర్పు గోదావరి’ ట్యాగు ఏ భూభాగాన్ని ఉద్దేశించిందో తేలదు.

ఈ కారణాలతో ట్యాగింగ్‌ను తిరస్కరించనక్కరలేదు. నామభేదాలను ఒక ప్రామాణిక రూపానికి కలపడం గ్రంథాలయాధికారి పని. వివాదాస్పద ట్యాగులను పరిశీలించడం ఆచార్యుల పని. ప్రకటనకు ముందే ట్యాగులను సమీక్షించే వీలు కోహాలో ఉంది. బయటి వేదికలపై ఆధారపడటం శ్రేయస్కరం కాదనడానికి 2019లో మూతపడిన సైట్‌యులైక్ నిదర్శనం. ట్యాగులు గ్రంథాలయ సూచిలోనే భద్రపడాలి. పాఠకుని మాట వర్గీకరణకు ప్రత్యామ్నాయం కాదు, పూరకం. ఆ పరిధిలోనే దానికి పరిశోధనా విలువ.