పదిహేను చుక్కలు, సందు చుక్క

డిగ్రీల మీద నా అక్కసు ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్తేం కాదు. చేతిలో పని ఉన్నవాడికి గోడ మీద పటం ఎందుకని ఎన్నిసార్లు రాశానో! మొన్న మంగళవారం పెద్దమ్మను హైదరాబాద్‌లో న్యూరోసైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లినప్పుడూ అదే గొణుగుడు. ఎంఏ, ఆపైన రెండేళ్ల ఎంఫిల్, రీహాబిలిటేషన్ కౌన్సిల్లో పేరు నమోదు. అదీ క్లినికల్ సైకాలజిస్టుగానే. మెదడు పరీక్షల్లో చెయ్యి తిరగాలంటే నిమ్హాన్స్ లాంటి చోట ఇంకొన్నేళ్లు. అమెరికాలో 1997 హ్యూస్టన్ సదస్సు పెట్టిన పద్ధతిలో అయితే పీహెచ్‌డీ, ఇంటర్న్‌షిప్, మళ్లీ రెండేళ్ల రెసిడెన్సీ. ఇంత చదివి చేసేదేమిటి? నాలుగు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ అడగడం! మా వీధి మందుల షాపు కుర్రాడైనా అడుగుతాడు.

ఆ అమ్మాయి ముందు పెట్టె బొమ్మ చూసి వెయ్యమంది. పెద్దమ్మ పెన్ను రోకలిలా పట్టుకుంది. గీతలు తలోదిక్కూ పోయాయి. నాకు గుండె జారింది.

"బడికెళ్లారా అమ్మమ్మా?"

"గేదెల వెంట వెళ్లా."

అమ్మాయి నవ్వి కాగితం పక్కన పెట్టేసింది. "మరి ముగ్గులు?"

"15 చుక్కలు, సందు చుక్క 8 దాకా" అంటూ పెద్దమ్మ బల్ల మీద వేలితో చుట్టుకుంటూ పోయింది, ఎక్కడా తడబడకుండా.

తర్వాత, నిన్న ఏం చేశారని అడిగింది. పెద్దమ్మ మా అన్నయ్య కూతురి పెళ్లి అందుకుంది. పులిహోర చాలకపోవడం, అప్పటికప్పుడు ఇంకో గంగాళం కలపడం, వియ్యపురాలి మూతివిరుపు... హమ్మయ్య అనుకుని నేనూ నవ్వుతూ కూర్చున్నా. అడిగింది నిన్నటి సంగతని నేనే మర్చిపోయా.

"ఆ పెళ్లి ఎప్పుడైంది సార్?" అమ్మాయి మెల్లగా అడిగింది.

ఆరేళ్లయింది.

నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి సువర్ణ అల్లాడి బృందం 2013లో ఒక మాట చెప్పింది: ఒక్క భాషే వచ్చినవాళ్లకన్నా రెండు భాషలు వచ్చినవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. బడి లేకపోవడాన్నీ జబ్బునీ విడదీసి చూడగల కళ్లు ఉండబట్టే కదా ఆ లెక్క తేలింది. నాకైతే పెట్టె బొమ్మ దగ్గరే తీర్పు అయిపోయింది, పులిహోర దగ్గర ఆ తీర్పు కొట్టేశాను కూడా. ఆ ఎంఫిల్ రెండేళ్లు చాలవేమో అనిపిస్తోంది ఇప్పుడు.

తిరిగొస్తుంటే ఆటోలో పెద్దమ్మ అడిగింది: "ఆ పిల్లకి పెళ్లయిందేమో కనుక్కున్నావురా?" అమీర్‌పేట దాటేలోగా ఇంకో రెండుసార్లు అడిగింది.